పాత ట్రాలీకి రంగు వేయుట

మన నర్సింహులపేట ప్రాంతమున ధాన్యమును, ఎరువులను మోసెడి పాత ట్రాక్టరు ట్రాలీలకు త్రుప్పు పట్టుట సామాన్యము. నీరును గాలియుఁ గలిసి ఇనుమును తినివేయును. పొటాషు వంటి లవణపుటెరువులు దానిని త్వరపెట్టును. త్రుప్పుమీఁదనే రంగు పూసినచో, లోపల రోగము పెరుగుచునే యుండును.

కావున వానలకు ముందే ట్రాలీని జిడ్డు పోవునట్లు కడిగి ఎండనిండు. ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఇనుపతీగల బ్రష్షుతో గీకి, గరుకు కాగితముతో ఇనుము మెఱయువఱకు రుద్దవలెను. ధూళిని థిన్నరుతో తుడువుఁడు. చెంత బీడీ నిప్పు కూడదు. ఆ దినముననే రెడాక్సైడు పూయవలెను. అది యారిన పిమ్మట ఎనామెలు రంగు పలుచగా రెండు పూతలు వేయుఁడు.

మేము ముఖ్యముగాఁ జెప్పునది యొకటి: కొక్కెముగాని ఇరుసుగాని అరిగి పలుచనైనచో రంగు వలదు, మార్పించుఁడు. రంగు ఇనుమును కాపాడును గాని బలము నీయదు. బరువుతో నున్న ట్రాలీ త్రోవలో ఊడినచో ప్రాణములే పోవును.