ఆకు రాలితే వేరు చూడండి

శాలిబండ గడియార స్తంభం చుట్టుపక్కల గల్లీల్లో పెరడున్న ఇల్లు దొరకడం కష్టం. మాకున్నదంతా మిద్దె. మర్రినో రావినో పెంచుకోవాలని మనసు పడితే బోన్సాయి ఒక్కటే దారి. ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నాను కాబట్టి, ఆకు రాలుతున్న కుండీ ఎత్తుకుని ఎవరో ఒకరు మా మెట్లెక్కుతూనే ఉంటారు. అందరూ రాలిన ఆకులు చూపిస్తారు. నేను వేళ్ళ సంగతి అడుగుతాను.

1. ముందు నెల చూడండి

రావి మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది, ఉగాది నాటికి రాగి రంగు చిగుళ్ళు తొడుగుతుంది. జువ్వి ఉన్నట్టుండి బోడిదై కొద్ది రోజుల్లోనే మళ్ళీ నిండుతుంది. కుండీలో ఉన్నంత మాత్రాన వాటి అలవాటు మారదు. ఆ రోజుల్లో నీళ్ళు కాస్త తగ్గించి ఊరుకుంటే చాలు. అదే రావి కార్తీకంలో పచ్చి ఆకులు రాలుస్తుంటే మాత్రం ఏదో తేడా చేసిందన్నమాట.

2. రాలిందంటే చచ్చిందని కాదు

ఆకు కాడ మొదట్లో చెట్టే ఒక పొర కట్టుకుని ఆకును వదిలించుకుంటుంది. వేళ్ళు పంపే నీరు చాలనప్పుడు ఖర్చు తగ్గించుకోవడమే అది. ప్రాణమున్న కొమ్మే ఆ పని చేయగలదు. ఆకులు గోధుమరంగుకు తిరిగి, రాలకుండా కొమ్మకే వేలాడుతున్న చెట్టును చూస్తే నాకు ఎక్కువ భయం.

కొమ్మ చివర గోటితో సన్నగా గీరండి. పైపొర కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది. పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్ళీ గీరండి. పచ్చదనం ఎక్కడ కనిపిస్తే అక్కడిదాకా చెట్టు మీ చేతిలో ఉంది. మర్రి జాతివి మోడు నుంచి కూడా చిగురిస్తాయి. జునిపర్‌కు ఆ శక్తి లేదు. దాని రంగు మారిందని మనకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. మన ఎండలకు ఆ చెట్టు కొనకండి.

3. పుల్ల గుచ్చకుండా నీళ్ళు పోయకండి

నీళ్ళు ఎక్కువైనా తక్కువైనా పైకి కనిపించేది ఒకటే, ఆకు వాడి రాలుతుంది. వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తారు. చాలా కుండీలు పోయేది ఇక్కడే. వేరుకు నీటితో పాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే గాలాడక వేరు కుళ్ళుతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు. నీళ్ళలో నిలబడే చెట్టు దాహంతో పోతుంది.

ఒక వెదురు పుల్లను మొదలుకు కాస్త ఎడంగా కుండీ అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. తడిసి, మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళు వద్దు. పుల్లను వాసన చూడండి. మురుగు కంపు కొడితే లోపల కుళ్ళు మొదలైనట్టే. అడుగు రంధ్రం పూడిపోయిందేమో కూడా చూడాలి.

నీళ్ళు పోసినా వేరుకు అందని తిరకాసు కూడా ఉంది. మట్టి గట్టిపడి కుండీ గోడకూ దానికీ మధ్య సందు పడితే, పోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచే జారిపోతాయి. నడుమ వేరుముద్ద ఎండుగానే ఉంటుంది. అలాంటి కుండీని నీళ్ళ టబ్బులో అంచుదాకా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి ఓరగా పెట్టండి.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నల్లా వచ్చిన రోజున అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి, ఆ ఉప్పును కడిగేయాలి.

4. చోటు

బోన్సాయి హాల్లో టీవీ పక్కన పెట్టే బొమ్మ కాదు. దానికి వెలుతురు కావాలి. అలాగని మే నెలలో కాలిపోయే స్లాబు మీద పళ్ళెమంత లోతు కుండీని పెడితే వేళ్ళు ఉడికిపోతాయి. ఇటుకల మీద ఎత్తి, పైన గ్రీన్ నెట్ కట్టండి. మర్రి జాతి చెట్లు చోటు మారినా ఆకు రాలుస్తాయి. జబ్బు చెట్టును రోజుకో మూలకు తిప్పకండి.

5. కుళ్ళిన వేరే తీయండి

పుల్ల మురుగు కంపు కొట్టిందంటే చెట్టును కుండీలోంచి మెల్లగా ఎత్తండి. బాగున్న వేరు గట్టిగా ఉంటుంది. కుళ్ళినది నల్లగా, మెత్తగా ఉండి, చేతి వేళ్ళతో పట్టుకుంటే తోలు ఊడివస్తుంది. శుభ్రమైన కత్తెరతో దాన్ని మాత్రమే తీసేయండి. బాగున్న వేళ్ళ జోలికి పోవద్దు. దొడ్డు ఇసుక, జల్లించిన ఇటుక ముక్కలు, కొంచెం చివికిన ఎరువు కలిపి, పళ్ళెం వదిలేసి లోతైన మట్టి కుండీలో పెట్టండి. అందం కోసం ఇక్కడ పట్టుబట్టేవాళ్ళతో నేను వాదిస్తాను. కోలుకునేదాకా అది బోన్సాయి కాదు, మామూలు చెట్టు. మర్రి జాతి చెట్లకు మట్టి మార్చడానికి తొలకరి మేలు, కానీ కుళ్ళు పట్టిన వేరును తొలకరిదాకా ఆపకూడదు.

6. మందు నిదానంగా

వేరు దెబ్బతిన్న చెట్టుకు రసాయన ఎరువు వేస్తే మిగిలిన వేరు కూడా మాడుతుంది. ఆకు అడుగున దూది పింజల్లా పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి చెట్టును గుర్తు చేసుకోండి. దానికి 700 ఏళ్ళుంటాయంటారు. చెదలు తొలిచేయడంతో 2017 డిసెంబరులో సందర్శకులను ఆపేశారు. మానుకు రంధ్రాలు చేసి మందు పోస్తే బయటికి కారిపోయింది. 2018లో క్లోర్‌పైరిఫాస్‌ను పలచన చేసి, సెలైన్ సీసాల్లో నింపి చుక్క చుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు దిమ్మెలు ఆసరా పెట్టారు. మన మిద్దె మీద ఆ మందు వాడకూడదు. కానీ జనాన్ని దూరం పెట్టిన ఆ జాగ్రత్త, చుక్క చుక్కగా ఎక్కించిన ఆ ఓపిక మన కుండీకీ కావాలి.

7. ఆశ వదలకండి, తొందరా వద్దు

కుండీలో చెట్టు ఎన్నాళ్ళుంటుందిలే అనేవాళ్ళకు నేను హిరోషిమా చెట్టు సంగతి చెబుతాను. యామకి కుటుంబం పెంచిన ఆ తెల్ల పైన్ 1625 నుంచి కుండీ చెట్టే. 1945 ఆగస్టు 6న బాంబు పడిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, గోడ చాటున ఉండి బతికి బయటపడింది. 1976లో మసారు యామకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. అన్ని తరాల వాళ్ళు దానికి నీళ్ళు పోస్తూ వచ్చారు.

మీ చెట్టుకు మొదటి చిగురు రాగానే సంబరపడి ఎరువు వేయకండి. అది కొమ్మలో దాచుకున్న బలంతో కూడా రావచ్చు. ఆకులు విచ్చి, ముదిరి, వాటి వెనక రెండో విడత చిగురు వస్తే వేరు పట్టిందని నమ్మవచ్చు. అప్పుడు పలచగా వర్మీ కంపోస్టు మొదలుపెట్టండి. తీగ చుట్టడం, కత్తిరించడం, మళ్ళీ పళ్ళెంలోకి మార్చడం వచ్చే తొలకరికి చూసుకోవచ్చు.