సంఘ చరిత్రలో కాపరుల పేర్లు

పాఠ్యభాగము: రోమా 16:1–16, 22
జ్ఞాపకముంచుకొనవలసిన వాక్యము: హెబ్రీ 13:7



చల్లపల్లి చుట్టుపట్ల ఉయ్యూరు వైపు పోయినను, మోపిదేవి, పులిగడ్డల మీదుగా అవనిగడ్డ వైపు పోయినను, అనేక పేటలలో చిన్న ప్రార్థన మందిరములు కనబడును. వాటిలో కొన్నింటి గోడమీద ఒక రాయి ఉండును. పునాది వేసిన దొరగారి పేరు, ప్రతిష్ఠించిన తేదీ, సొమ్మిచ్చిన దాతల పేర్లు దానిమీద చెక్కబడి యుండును. ఇది మంచిదే. అయితే ఆ మందిరములో మన తాతలకు అక్షరములు నేర్పి, వారిని కాలువలో ముంచి బాప్తిస్మమిచ్చి, వారి పెండ్లిండ్లు జరిపి, వారిని సమాధికి సాగనంపిన అయ్యగారి పేరేమి? ఈ ప్రశ్నకు మనలో ఎందరము జవాబు చెప్పగలము?

రోమా పత్రిక 16వ అధ్యాయమును పేర్ల పట్టిక యనుకొని మనము త్వరత్వరగా దాటిపోవుదుము. కాని అది ఒక సంఘ చరిత్ర. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే, తమ ఇంటనే సంఘమును కూర్చుకొనిన ప్రిస్కిల్ల అకులలు, బహుగా ప్రయాసపడిన పెర్సిస్, పౌలును కుమారునివలె చూచుకొనిన రూఫు తల్లి, అందరి ప్రస్తావనయు అందున్నది. పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు సహితము 22వ వచనములో తన వందనము చేర్చెను. గొప్ప సిద్ధాంతములు బోధించిన పత్రికయే సామాన్య విశ్వాసుల పేర్లతో ముగియుచున్నది. పేరు వ్రాయుటయు పరిచర్యయే.

మన ప్రాంతపు చరిత్ర చూడుడి. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఆంగ్లికన్ మిషనెరీలు బందరు వచ్చిరి. 1843లో ప్రారంభమైన పాఠశాల మూలముగా నోబుల్ పేరు నేటికిని నిలిచియున్నది. బాప్టిస్టు పని విషయమై అడిగినచో, "కెనడా దొరలు తెచ్చిరి" అని మనవారు చెప్పుదురు. ఉయ్యూరు, అవనిగడ్డలు కెనడా బాప్టిస్టు మిషను కేంద్రములగుట నిజమే. అయితే ఆ మిషనుకు ముందు ఒక తెలుగువాడు కలడు. ఆయన తామసు గబ్రియేలు. తంతి శాఖలో తనకున్న ఉద్యోగమును విడిచి, కాకినాడ ప్రాంతమున స్వంత పూచీపై సువార్తపని ఆరంభించెను. పని పెరిగెను, దానితోపాటు అప్పులును పెరిగెను. అప్పుడాయన కెనడా బాప్టిస్టులను ఈ పని స్వీకరించవలెనని కోరెను. 1874లో జాన్ మెక్లారిను కాకినాడకు వచ్చెను. మరుసటి సంవత్సరము ఆరంభములోనే గబ్రియేలు కన్నుమూసెను. తెలుగు కాపరి పిలువగా దొరలు వచ్చిరి. ఇదియే మన చరిత్రకు మొదటి పుట.

ఒంగోలు ప్రాంతమును గూర్చియు ఇట్లే విందుము. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి యొద్ద, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. క్లౌ దొరగారు వారికి బాప్తిస్మమిచ్చిరని పలువురు తలంచుదురు. నిజమునకు ఆయన ఆ దినమున నీటిలో దిగలేదు. అభిషేకము పొందిన ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు ఆ పని చేసిరి. దొరగారి పేరు మనకు తెలియును. ఆ ఆరుగురి పేర్లు మన బిడ్డలకు చెప్పగలమా?

కాపరులను జ్ఞాపకము చేసికొనుట యనగా పొగడుట కాదు. గబ్రియేలు అప్పులను దాచినచో ఆయన విశ్వాసము యొక్క వెల మనకు తెలియదు. పౌలు బర్నబాలకు కలిగిన తీవ్రమైన వివాదమును లూకా దాచలేదు (అపొ. కార్య. 15:39). ఆ వివాదమునకు కారణమైన మార్కే తరువాత పరిచర్యకు ప్రయోజనకరుడాయెను (2 తిమోతి 4:11). హెబ్రీ పత్రికయు నాయకుల ప్రవర్తన ఫలమును తేరిచూచి, వారి విశ్వాసమును అనుసరించుమని హెచ్చరించుచున్నది. తేరిచూడవలెనన్న ముందు తెలిసియుండవలెను గదా!

బాప్టిస్టు పద్ధతిలో స్థానిక సంఘమే తన కాపరిని పిలుచుకొనును, తన లెక్కలు తానే చూచుకొనును. కాబట్టి దాని చరిత్రను పైవారెవరో వ్రాసి పంపుదురని కనిపెట్టరాదు. కాగితము మీది భరోసా కూడ స్వల్పమే. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు 10,000 మంది వరకు చనిపోయిరని ప్రభుత్వ లెక్క. మనుష్యులే నిలువని నీటిలో తాటాకు పాకలోని పుస్తకమేమి నిలుచును? మిగిలినది పెద్దల జ్ఞాపకమే. 1947లో పదేండ్ల బిడ్డలైనవారు ఇప్పుడు తొంబది యేండ్లకు సమీపించుచున్నారు. వారితోకూడ సమాధికి పోవు సంగతులను మరల త్రవ్వి తీయలేము.

కావున ప్రతి సంఘమును ఒక నోటుపుస్తకము కొనవలెను. యౌవనస్థులు ఇద్దరిద్దరుగా వృద్ధుల యింటికి పోయి అడుగవలెను. మొదట ఎవరి వాకిట ప్రార్థన జరిగెను? స్థలమెవరిచ్చిరి? బాప్తిస్మములు ఏ కాలువలో జరిగెను? ఏ అయ్యగారు ఎన్ని యేండ్లుండిరి? వారి జీతమునకై స్త్రీలు పిడికెడు బియ్యమెట్లు కూడబెట్టిరి? జ్వరము వచ్చిన యింట రాత్రి కూర్చున్న అమ్మగారెవరు? అయ్యగారి పేరు వ్రాసి అమ్మగారిని విడిచిపెట్టకుడి, పౌలు విడువలేదు. వ్రాసినదానికి రెండు ప్రతులు తీసి, ఒకటి వేరొక ఊర నుంచుడి.

సంఘములో మాటలాడుకొనవలసిన ప్రశ్నలు:
1. రోమా 16లో ప్రయాసపడిరని చెప్పబడినవారిలో స్త్రీలెందరు?
2. మన సంఘ కాపరులలో ఎందరి పేర్లు వరుసగా చెప్పగలము? ఎక్కడ ఆగిపోవుచున్నాము?
3. వారిలో ఒకరి విశ్వాసమును నేడు మనమెట్లు అనుసరింపవచ్చును?

ప్రార్థన: ప్రభువా, మా పేర్లు నీ యెదుట మరువబడలేదు. మాకు వాక్యము చెప్పినవారిని మేము మరచితిమి, క్షమించుము. వారిని జ్ఞాపకము చేసికొని, వారు నడచిన త్రోవను నడచునట్లు మాకు సహాయము చేయుము. ఆమేన్.