గంజాయియు వాంతులును

వాంతి యనఁగానే మన హాలహర్వి ప్రాంతమునఁ బైత్యమందురు. పెక్కుమాఱు లదియే కావచ్చును. కాని యేండ్లతరబడి మిక్కిలిగా గంజాయి త్రాగువారిలోఁ గొందఱకు వేఱొక వ్యాధి కలుగును. ఆస్ట్రేలియాలోని అడిలైడు కొండప్రాంతపు రోగులను బరీక్షించి వైద్యులు 2004లో దీనిని వివరించిరి. కడుపునొప్పియు, ఎడతెగని వాంతులును మాటిమాటికి వచ్చును. వేఁడినీళ్లు పోసికొన్నంతసేపు మాత్రము శాంతి! కావున రోగి దినమునకుఁ బలుమాఱులు స్నానము చేయును. గంజాయిలోని పదార్థమొకటి క్యాన్సరు చికిత్సవలనఁ గలుగు వాంతులకు మందుగా వాడఁబడుట వింత. ఇది విని మఱింత త్రాగువాఁడు మఱింత చెడును. సాధారణపు వాంతిమందులు తఱచు పనిచేయవు. ఒంటిలో నీరు తగ్గి మూత్రపిండములు దెబ్బతినవచ్చును. అలవాటు దాఁచినచో వైద్యునకుఁ గారణము దొరకదు. పూర్తిగా మానినచోఁ గొంతకాలమునకు వాంతులు నిలుచును. మరల మొదలిడిన మరల వచ్చును.