ఓడ ఎక్కకముందు

పరదేశానికి వెళ్లి అక్కడి పిల్లలకు చదువు చెప్పాలన్న కోరిక ఉదాత్తమైనదే. అయితే కోరిక వేరు, సన్నాహం వేరు. సన్నాహమనగానే మనకు పెట్టె సర్దుకోవడం, టిక్కెట్టు కొనుక్కోవడం స్ఫురిస్తాయి. అంతకు మించిన సన్నాహం ఎటువంటిదో మార్గరెట్ నోబుల్ జీవితంలో చూడవచ్చు. లోకం ఆమెను సోదరి నివేదిత అని పిలుస్తుంది.

మార్గరెట్ 1867లో ఐర్లండులోని డంగానన్‌లో జన్మించింది. పదిహేడవ ఏటనే ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించింది. పసివారికి పాఠాలు వల్లె వేయించడం మాని, ఆటల ద్వారా, చేతిపనుల ద్వారా నేర్పాలన్న పెస్టలోజీ, ఫ్రోబెల్‌ల భావాలు ఆమెను ఆకర్షించాయి. లండను సమీపాన వింబుల్డన్‌లో సొంత పాఠశాల నెలకొల్పి ఆ పద్ధతులను ఆచరణలో పెట్టింది. 1895లో లండనులో వివేకానందుని ప్రసంగాలు విన్నది. భారతదేశంలోని బాలికలకు చదువు చెప్పాలన్న సంకల్పం క్రమంగా ఆమెలో బలపడింది. అప్పటికే ఆమెకు పదేళ్ల బోధనానుభవం ఉన్నదన్న సంగతి గమనించదగినది. ఉత్సాహమొక్కటే పెట్టుబడిగా బయలుదేరిన మనిషి కాదామె.

ఆమె కోరిక విని వివేకానందుడు వెంటనే రమ్మనలేదు. ఇంగ్లండులో ఉండి చేయగల సేవయే ఎక్కువని మొదట వ్రాశాడు. కొద్ది రోజులకే, 1897 జూలై 29న, అల్మోరా నుంచి మరొక లేఖ వ్రాశాడు. భారతీయ స్త్రీల అభ్యున్నతికి ఆమె వంటి వ్యక్తి అవసరమని అందులో అంగీకరించాడు. ఆ వెంటనే ఎదురుకాబోయే కష్టాలను దాపరికం లేకుండా ఏకరువు పెట్టాడు. ఇక్కడి దారిద్ర్యం, మూఢవిశ్వాసాలు ఆమె ఊహకు అందనివి. ఈ దేశస్థులు తెల్లవారిని భయంతోనో ద్వేషంతోనో దూరంగా ఉంచుతారు. తెల్లవారేమో ఆమెను మతి చలించినదానిగా భావించి, ప్రతి కదలికనూ అనుమానిస్తారు. ఎండలు దుర్భరం. నగరాలు దాటితే ఐరోపావారి సౌకర్యాలేవీ లభించవు. ఇవన్నీ తెలిసి కూడా రాదలచుకుంటే స్వాగతమన్నాడు. ముందుగా బాగా ఆలోచించుకొమ్మన్నాడు. ఎవరి చాటునా ఉండక తన కాళ్లమీద తాను నిలబడాలన్నాడు. పని విఫలమైనా, మనసు విరిగినా, తాను మాత్రం తుదివరకు అండగా ఉంటానని మాట ఇచ్చాడు. సహాయం కోరేవారు సాధారణంగా కష్టాలను తగ్గించి చెబుతారు. ఈ లేఖ అటువంటిది కాదు. ఆమె సన్నాహాలన్నింటిలోనూ దీనిని చదివి, ఆలోచించి, ఆ తర్వాత కూడా బయలుదేరడమే ముఖ్యమైనదని చెప్పవచ్చు.

1898 జనవరి 28న ఆమె కలకత్తా చేరింది. అయినా బడి తెరవడానికి తొమ్మిది నెలలకు పైగా పట్టింది. ఆ కాలంలో బెంగాలీ నేర్చుకొన్నది. మార్చి 25న బ్రహ్మచర్యదీక్ష స్వీకరించి, 'సమర్పింపబడినది' అన్న అర్థం గల నివేదిత నామాన్ని పొందింది. తర్వాత ఉత్తరాదిన పర్యటించింది. అల్మోరాలో ఉన్నప్పుడు ఒక ఘర్షణ తలెత్తింది. ఇంగ్లండు పట్ల ఆమెకు గాఢమైన అభిమానం ఉండేది. ప్రతి విషయాన్నీ ఆ అభిమానంతోనే తూచే అలవాటును వివేకానందుడు నిర్మొహమాటంగా ఖండించాడు. ఆమె వాదించింది, నొచ్చుకొన్నది. ఆ బాధను తర్వాత తన గ్రంథంలో తానే వివరించింది. పరాయి భాష నేర్చుకోవడం కంటే ఇది కష్టతరమైన పాఠం.

1898 నవంబరు 13న, కాళీపూజ నాడు, బాగ్‌బజారులోని ఒక సందులో శారదాదేవి ఆ బడిని ప్రారంభించింది. విదేశీయురాలి వద్దకు ఆడపిల్లలను పంపడానికి తల్లిదండ్రులు జంకారు. నివేదిత ఇల్లిల్లూ తిరిగి పిల్లలను అడిగి తెచ్చుకొన్నది. చదవడం, వ్రాయడంతోపాటు బొమ్మలు గీయడం, మట్టితో ఆకృతులు చేయడం, కుట్టుపని నేర్పింది. 1899లో నగరంలో ప్లేగు వ్యాపించినప్పుడు వీధులు శుభ్రం చేయడానికి పూనుకొన్నది. ధనం చాలక ఆ ఏడే బడి నిలిచిపోయింది. నిధుల కోసం విదేశాలకు వెళ్లి, 1902లో తిరిగివచ్చి దానిని పునరుద్ధరించింది. ఆమె 1911లో మరణించింది. ఆమె పేరుతో ఆ పాఠశాల నేటికీ నడుస్తున్నది.

నేడు ఓడల స్థానాన్ని విమానాలు ఆక్రమించాయి. నేపాల్‌లోనో కెన్యాలోనో ఒక బడిలో కొంతకాలం పనిచేయదలచిన యువతీయువకులకు కావలసిన పత్రాలు కూడా పెరిగాయి. జీతం లేని పనియే అయినా, పర్యాటక వీసాపై చేయడం అనేక దేశాలలో నేరం. పిల్లల మధ్య పనిచేసేవారిని పోలీసు ధ్రువపత్రం అడగడం సమంజసమే. ఆఫ్రికాలోని అనేక దేశాలకు వెళ్లేవారు కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. ఇవన్నీ కొద్దిపాటి ఓపికతో పూర్తయ్యే పనులు.

వెళ్లబోయే సంస్థ ఎటువంటిదో విచారించడం అంతకంటే కష్టం. విదేశీయుల విరాళాల కోసం, తల్లిదండ్రులు ఉన్న పిల్లలను సైతం అనాథలుగా చూపే ఆశ్రమాలు నేపాల్, కంబోడియా దేశాలలో బయటపడ్డాయి. నెలకొకరు చొప్పున వచ్చి వెళ్లే అపరిచితులకు అలవాటుపడి, మళ్లీ దూరమయ్యే పసివారి బాధ ఫోటోలలో కనిపించదు. కనుక బయలుదేరేవారు అక్కడి ప్రధానోపాధ్యాయునికి ముందుగా ఒక ఉత్తరం వ్రాయడం మంచిది. ఆ పని చేయగల స్థానిక ఉపాధ్యాయులు ఎవరైనా ఉన్నారా? తాము తిరిగి వచ్చేసిన మరునాడు ఆ తరగతికి పాఠం చెప్పేది ఎవరు?