ప్రైమర్ మీదే బొట్టు పెట్టు

చిరంజీవి మేనల్లుడికి,

నాన్న ఆర్‌ఎక్స్ 100 బండి విప్పి పార్టులన్నీ బాల్కనీలో పరిచావని, నాలుగు స్ప్రే డబ్బాలు కొన్నావని, దసరా ఆయుధ పూజకల్లా బండి నిగనిగలాడాలని పంతం పట్టావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది, ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే. ఫోన్లో చెబితే ‘సరే మామయ్యా’ అని ఊరుకుంటావు. ఉత్తరమైతే పని మధ్యలో తీసి చూసుకుంటావని రాస్తున్నాను.

ముందు నా నిర్వాకం విను. నీ వయసులో నేనూ తెనాలిలో నా బండి ట్యాంకుకి నల్లరంగు కొట్టాను. ఆషాఢం, అప్పుడే వాన వెలిసింది. పాత రంగుని గుడ్డతో పైపైన తుడిచి, గంటలో రెండు దట్టమైన కోట్లు కొట్టేశాను. ఆరాక చూస్తే నలుపంతా పొగమంచు పట్టినట్టు తెల్లబడింది. థిన్నర్ ఆవిరవుతూ రంగుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి నీరై దానిమీదే చేరుతుంది. ఇదంతా అప్పుడు తెలీదు. పోనీలే అని బంకుకి వెళ్లాను. పెట్రోలు పోసి గొట్టం తీస్తుంటే నాలుగు చుక్కలు మూత పక్కన పడ్డాయి. చూస్తుండగానే అక్కడి రంగు కాగిన పాల మీద మీగడలా ముడతలు పడింది. తుడవబోతే వేలికంటుకుని వచ్చేసింది. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

నువ్వు కొన్న స్ప్రే డబ్బా కథ కూడా విను. 1949లో అమెరికాలోని సికమోర్ అనే ఊళ్లో ఎడ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి తన అల్యూమినియం రంగుని, భార్య ఇచ్చిన సలహాతో, గ్యాసుతో కలిపి డబ్బాలో నింపాడు. అదే మొదటి స్ప్రే రంగు డబ్బా. చిమ్మే పని ఆయన తేలిక చేసి పెట్టాడు. గీకే పని ఇప్పటికీ మనదే.

నా ట్యాంకు గతి నీ ట్యాంకుకి పట్టకూడదంటే ముందు సైడ్ ప్యానెల్ పట్టు, ట్యాంకు చివర్లో. ప్యానెల్ ప్లాస్టిక్‌ది, పాడైనా నష్టం తక్కువ. దానికి థిన్నర్ తగలనివ్వకు, కరిగి జిడ్డుగా అవుతుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, 400 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ వెయ్యి. మామూలు ప్రైమర్ వేస్తే పెచ్చులుగా ఊడుతుంది.

ట్యాంకుకి తుప్పు పట్టినచోట ఇనుము మెరిసేదాకా గీకాలి. చుట్టూ గట్టిగా ఉన్న పాత రంగుని తీయక్కర్లేదు, దాని అంచు అరగదీస్తే చాలు. కళ్లు మూసుకుని అంచు మీద గోరు నడిపించు. గోరు ఎక్కడైనా ఆగిందంటే అక్కడ పని మిగిలే ఉంది. కంటికి కనబడని మెట్టు కూడా రంగు పడ్డాక కనబడుతుంది. సొట్టలకి లప్పం పలచగా పెట్టి, ఆరాక రుద్ది, ప్రైమర్ కొట్టి, దాన్ని మళ్లీ 600 పేపర్‌తో నునుపు చెయ్యి. ఆ తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోకు. వేలి జిడ్డు చాలు, రంగు పట్టదు. మడ్‌గార్డులు క్రోమ్‌వి, వాటి జోలికి పోకు.

ఇక కొట్టడం. డబ్బాలో గోలీ గలగలమన్నాక కూడా ఇంకో రెండు నిమిషాలు ఊపు. ముందు పాత డబ్బా మూత మీద చెయ్యి అలవాటు చేసుకో. పార్టుకి జానెడు దూరం, అంతకన్నా కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. పార్టుకి ఇవతల మీట నొక్కి, దాన్ని దాటాక వదులు. మధ్యలో నొక్కితే అక్కడే బొట్టు కారుతుంది. ఒక్కో వరస ముందు వరసని సగం కప్పాలి. మొదటి కోటులో కింది ప్రైమర్ కనబడుతూనే ఉంటుంది, కనబడనీ. పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. ఒక్కసారే కప్పేద్దామని చెయ్యి లాగుతుంది, లొంగకు. కారిపోతే తుడవబోకు, పూర్తిగా ఆరనిచ్చి వాటర్ పేపర్‌తో తీసేయ్.

బాల్కనీ మాత్రం వద్దు. ఆ తుంపర గాలికి పోయి కింద ఎవరి తెల్ల కారు మీదో కూర్చుంటుంది. డాబా మీదికి వెళ్లు. గాలి లేని పొడి పొద్దు చూసుకుని, దుమ్ము లేవకుండా నేలమీద కళ్లాపిలా నీళ్లు చల్లు. డబ్బాలో ఉండేది మండే గ్యాసు. దేవుడి దీపం గానీ స్టవ్ గానీ దగ్గర్లో ఉండకూడదు. ట్యాంకులో పెట్రోలు వంపేసినా ఆవిరి మిగులుతుంది, అది గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. ట్యాంకుని ఇంట్లో పెట్టకు.

పెట్రోలుకి తట్టుకోవాలంటే ట్యాంకుకి పైన హార్డెనర్ కలిపే క్లియర్ కోటు పడాలి. అందులో ఐసోసైనేట్ ఉంటుంది. పీలిస్తే ఉబ్బసం తెచ్చిపెట్టే మందు అది, ముక్కుకి కట్టిన రుమాలు దాన్ని ఆపదు. ఆ ఒక్క పని పెయింటర్ షాపులో చేయించు. కింద ఏ రంగు కొట్టావో ఆయనకి ముందే చెప్పు. అందులో నామోషీ ఏమీ లేదు. రంగు మార్చే ఆలోచన ఉంటే ఆర్‌సీలో రంగు రాసి ఉంటుందని గుర్తుంచుకో, ఆర్టీఏ ఆఫీసులో అడిగాకే మార్చు.

చివరి మాట దసరా గురించి. వానలింకా వెనక్కి తగ్గలేదు. పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడడానికి రంగుకి రోజులు పడతాయి. నవమి నాడు పచ్చి రంగు మీద కుంకుమ పెడితే నీ వేలిముద్ర ఏడాదంతా ట్యాంకు మీదే ఉంటుంది. పండక్కి అందకపోతే కంగారుపడకు. ప్రైమర్ మీదే బొట్టు పెట్టి నిమ్మకాయలు తొక్కించు. రంగు కోసం నాన్న బండి ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

ఇట్లు,
మీ మామయ్య