అలంకారం లేని దేవుణ్ణి చూపించండి

మన నెమలి ఊరి పిల్లలకు శిల్పం కొత్త కాదు. నడక రాకముందు నుంచే అమ్మ చంకనెక్కి వేణుగోపాలస్వామిని చూస్తుంటారు. కాకపోతే వాళ్లు చూసేది పట్టుబట్టల్లో, పూలదండల్లో ఉన్న స్వామిని. హారతి వెలుగులో క్షణంసేపు ముఖం కనబడుతుంది, వెనకవాళ్లు జరగమంటారు, తీర్థం తీసుకుని బయటికొస్తాం. ఉలి ఎక్కడ ఎలా నడిచిందో చూసే వీలు గుళ్లో ఉండదు, ఉండక్కర్లేదు కూడా. ఆ చూపు కోసమే పిల్లల్ని ఒకసారి బెజవాడ మ్యూజియానికి తీసుకెళ్లమని నా మనవి.

బందరు రోడ్డులో ఉన్న బాపు మ్యూజియానికి పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో దానికి శంకుస్థాపన చేసింది రాబర్ట్ సీవెల్. అంతకు పదేళ్ల ముందు అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించినవాడూ ఆయనే. ఆ స్తూపం శిల్పాల్లో చాలా వరకు మద్రాసుకూ లండన్‌కూ చేరిపోయాయి. మన ఊళ్ల రాతిపనిని చూడటానికి సముద్రం దాటాల్సి రావడం నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది. అందుకే దగ్గర్లో మిగిలినవాటినైనా పిల్లలు కళ్లారా చూడాలని ఇంతగా చెబుతున్నాను.

మా వాడికి ఎనిమిదేళ్లప్పుడు మొదటిసారి తీసుకెళ్లి నేనొక తప్పు చేశాను. ప్రతి గదీ తిప్పాను, ప్రతి పలకా చదివి వినిపించాను. నాణేలు, కత్తులు, శాసనాలు ఏదీ వదల్లేదు. తిరుగు బస్సులో ఏ శతాబ్దం, ఏ రాజు అని ప్రశ్నలు వేశాను. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మళ్లీ వెళ్దామంటే ఏడాదిపాటు ఒప్పుకోలేదు.

రెండోసారి ఒక్క విగ్రహం దగ్గరికే వెళ్లాం. నిలబడి ఉన్న అల్లూరు బుద్ధుడు. అల్లూరంటే పరాయి చోటు కాదు, మన నందిగామ వైపుదే. తెల్లని రాయి, పదిహేను వందల ఏళ్లు దాటిన పని. ఎదురుగా కూర్చుని ఊరుకున్నాను. చాలాసేపటికి వాడే అన్నాడు: "నాన్నా, రాయి బట్టలాగా జారుతోంది." వస్త్రం మడతలు వాడికి కనబడ్డాయి. అంతకన్నా నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

మీరూ అలాగే ఒకటో రెండో ఎంచుకోండి. ఫోను జేబులో పెట్టి, పిల్లల చేతికి నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి. బొమ్మ వంకరగా వచ్చినా ఫర్వాలేదు. గీసేటప్పుడు కన్ను రాయి మీద నిలుస్తుంది కదా, మనకు కావలసింది అదే. అడగాలనిపిస్తే సంవత్సరాలు అడగొద్దు. బరువంతా ఏ కాలి మీదుందో, బట్ట ఏ భుజం మీంచి దిగిందో అడగండి.

వాళ్ల ప్రశ్నలకూ సిద్ధంగా ఉండండి. భిన్నమైన విగ్రహాన్ని ఇంట్లో ఉంచుకోకూడదని మన పెద్దలు ఏట్లో కలుపుతారు. అక్కడేమో చెయ్యి విరిగినవీ, ముక్కు చెక్కిపోయినవీ అద్దాల వెనక భద్రంగా ఉంటాయి. ఎందుకని పిల్లలు అడుగుతారు. గుళ్లో పూజ చేస్తాం, ఇక్కడ చేసినవాళ్ల చేతిని చూస్తాం అని చెప్పండి. దణ్ణం పెట్టుకోవాలా అంటే పెట్టుకోమనండి. మా అమ్మ విగ్రహం ముందు చెప్పులు విడిచి నిలబడింది. నాకు అదే బాగుందనిపించింది.

సెలవు ఏ రోజో ముందే కనుక్కుని పొద్దున్నే బయల్దేరండి. వచ్చేటప్పుడు మైలవరం దారిలో కొండపల్లిలో దిగండి. తెల్లపొణికి చెక్కను చెక్కడం, ముక్కలను చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతకడం పిల్లలు దగ్గర నుంచి చూడాలి. పొద్దున రాతిలో చూసిన ఉలి అక్కడ ఒక మనిషి చేతిలో కదులుతూ కనబడుతుంది. బొమ్మ కొంటే బేరం మరీ గట్టిగా ఆడకండి, పక్కన పిల్లలు వింటుంటారు.

మేం రెండోసారి మ్యూజియానికి వెళ్లొచ్చిన తర్వాతి శనివారం గుళ్లో హారతి ఇస్తుంటే మా వాడి వైపు చూశాను. పూలదండ పక్కకు జరిగినచోట, వేణువు మీది వేళ్ల దగ్గరే వాడి కళ్లున్నాయి. నేనేమీ అడగలేదు.