బొమ్మల పుస్తకం, ఇంటి తెలుగు: పిల్లల దిగులుకు ఊరట

కోవిల్‌పట్టి, విరుదునగర్, నాగలాపురం ప్రాంతాల నల్లరేగడి పల్లెల నుండి నగరాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలు మూడు భాషల నడుమ పెరుగుతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పాఠ్యపుస్తకంలో తరచుగా ఇంగ్లీషు. కొత్త బడి, కొత్త ముఖాలు, ఊరిలో ఉండిపోయిన అవ్వాతాతలు కలిగించే దిగులును ఏ భాషలో చెప్పుకోవాలో వారికి తోచదు. చెప్పుకోలేని దిగులు శరీరంలో కనిపిస్తుంది: బడి వేళకు కడుపునొప్పి, నిద్రలో ఉలికిపాటు, తిండి సయించకపోవడం, తల్లి కొంగు వదలకపోవడం. పెద్దలు దీనిని మొండితనమని పొరబడడం కద్దు.

బొమ్మల పుస్తకం ఎందుకు?

"నీకేమి భయం?" అని సూటిగా అడిగితే బిడ్డ తల వంచుకుంటుంది. పుస్తకంలో దారి తప్పిన ఏనుగుపిల్లను చూపితే, దాని భయాన్ని గురించి ధారాళంగా మాట్లాడుతుంది. తన బాధ మరొకరిదిగా కనిపించినప్పుడు దానిని చూడడం సులభం. పైగా, భయపెట్టే పుటను చేత్తో కప్పవచ్చు, వెనక్కు తిప్పవచ్చు, పుస్తకాన్నే మూసివేయవచ్చు. అక్కడ భయం బిడ్డ అదుపులో ఉంటుంది.

ఆంథొనీ బ్రౌన్ రచించి, బొమ్మలు గీసిన 'సిల్లీ బిల్లీ' (2006) ఇందుకు చక్కని ఉదాహరణ. టోపీలు, చెప్పులు, మబ్బులు, వాన అన్నిటికీ దిగులుపడే బాలునితో అతని అవ్వ తానూ చిన్నతనంలో అటువంటిదాననే అని చెబుతుంది. దిగులును అప్పగించడానికి చిన్న చిన్న బొమ్మలను ఇస్తుంది. ఆమె బాలుని ఎగతాళి చేయదు, మందలించదు. అతనికి ఊరట అక్కడే మొదలవుతుంది.

లిపి రాకపోయినా కథ చెప్పవచ్చు

తమిళ బడులలో చదివిన మన పెద్దలలో అనేకులకు తెలుగు మాట వచ్చు, తెలుగు లిపి రాదు. బొమ్మల పుస్తకానికి ఇది అడ్డు కాదు. పుస్తకంలోని అక్షరాలు తమిళమైనా, ఇంగ్లీషైనా, బొమ్మను చూపుతూ ఇంటి తెలుగులో కథ చెప్పవచ్చు. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగు. ఆయన రచనలు తమిళంలో వెలువడ్డాయి. ఆయన నవల 'గోపల్ల గ్రామం' (1976)లో తెలుగువారి వలస కథ ఒక వృద్ధురాలి నోట వినిపిస్తుంది. కథ చెప్పే ఆ నేర్పు మన ఇళ్ళలో ఈనాటికీ ఉంది.

చెప్పే విధానం

1. మొదట బొమ్మలు మాత్రమే చూడనివ్వండి. పుటను బిడ్డే తిప్పాలి.
2. "నీకు భయమా?" అనకుండా "ఈ పాపకు ఏమైంది?" అని అడగండి. జవాబు రాకపోయినా తొందరపెట్టవద్దు.
3. దిగులు, బెదురు, గుబులు వంటి ఇంటి మాటలతో ఆ భావానికి పేరు పెట్టండి. పేరున్న భయాన్ని చెప్పుకోవడం సులువు.
4. "భయపడకు" అని మాట తుంచవద్దు. "నాకూ చిన్నప్పుడు అలాగే ఉండేది, అప్పుడు ఇలా చేశాను" అని చెప్పండి.
5. చివర నీతి చెప్పనవసరం లేదు. అదే కథ మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పండి.
6. తన దిగులును బొమ్మగా గీయమని కాగితం ఇవ్వండి. గీసినది బాగుందా, లేదా అని తీర్పు చెప్పవద్దు.

పుస్తకాలు దొరికే చోటు

ప్రథమ్ బుక్స్ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు, తమిళ బొమ్మల కథలను ఫోనులోనే ఉచితంగా చదవవచ్చు. చెన్నైలోని తూలికా ప్రచురణ సంస్థ రెండు భాషలలోనూ పిల్లల పుస్తకాలు ప్రచురిస్తుంది. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' తెలుగు బాలల పుస్తకాలు వెలువరిస్తుంది. సమీప శాఖా గ్రంథాలయంలోని తమిళ బొమ్మల పుస్తకాలూ ఇందుకు పనికివస్తాయి.

వైద్య సహాయం ఎప్పుడు?

పుస్తకం తోడు మాత్రమే, చికిత్స కాదు. దిగులు వారాల తరబడి తగ్గకపోయినా, బిడ్డ బడి మానినా, నిద్రాహారాలు చెడినా వైద్యుని సంప్రదించండి. తనను తాను గాయపరచుకుంటానని బిడ్డ అంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న బాలల కొరకు 1098కు ఫోను చేయండి.